అన్నగారింటి నూనె

ఫోండా,
29 అక్టోబర్ 2017

చిరంజీవి లిబానియాకు,

పుండలీక్ బాబాయ్ ఆశీస్సులు. ఫోన్‌లో నువ్వు మాట్లాడేది నాకు వినపడదు. నేను మాట్లాడేది పూర్తయ్యేదాకా నువ్వు ఆగవు. అందుకని మనిద్దరికీ ఉత్తరాలే క్షేమం.

ఇక్కడ వాన ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. పోకచెట్లకి తెగులు పట్టింది. నా కంట్లో శుక్లం పండిందని డాక్టరు సంబరంగా చెప్పాడు, అదేదో మామిడిపండైనట్టు. మీ పిన్ని కులాసా. మీ అత్త కెరుబీనా అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఈసారి అమ్మవారి జాత్ర డిసెంబర్ 28న వచ్చింది. క్రిస్మస్ పిండివంటల హడావిడిలో పడి నూనె ఆడించడం మరిచిపోవద్దని అక్కకి చెప్పు. ఆవిడ మరిచిపోదు, చెప్పడం నాకు అలవాటు.

ఇక అసలు సంగతి. పాత గోవా వెళ్ళే దారిలో కొత్తగా ఒక మ్యూజియం పెట్టారు. పోర్చుగీసువాళ్ళ కాలంలో మతం పేరు చెప్పి జనాన్ని ఎట్లా వేధించారో చూపించే మ్యూజియం. మన అమ్మవారు నది దాటి వచ్చిన కథ కావాలని ఆ ట్రస్టువాళ్ళు నా దగ్గరికొచ్చారు. మా తాత చెప్పినట్టే చెప్పాను. మీ మడ్‌గావ్ వైపు, సాష్టిలో ఇద్దరు అన్నదమ్ములు. గుడి కూల్చడానికి సిపాయిలు వస్తున్నారని తెలిసి, తమ్ముడు దేవిని వడ్లగంపలో పెట్టుకుని జువారీ నది దాటి, పోర్చుగీసు రాజ్యం అవతల, ఈ ఫోండా అడవుల్లోకి వచ్చేశాడు. అన్న అక్కడే ఉండిపోయి తలమీద నీళ్ళు పోయించుకుని క్రైస్తవుడయ్యాడు. ఇద్దరూ వెళ్ళిపోతే పొలం పోతుంది. పొలం పోతే రెండిళ్ళూ పస్తే. అప్పట్నుంచీ పాత గుడి ఉన్న జాగాలో కాసిన కొబ్బరి నూనెతోనే ఇక్కడ జాత్ర మొదటి దీపం వెలుగుతుంది. మా ఇంటినుంచి పంపే రాగిచెంబులో ఆ నూనె అన్నగారింటి ఆడపడుచే తేవాలి. మీరు అన్నగారివాళ్ళు, రెబెలోలు. మేం తమ్ముడివాళ్ళం, గావ్‌కర్లం.

ఈ ఘోరం గురించి ఎవరూ నోరు విప్పరని ఎన్నేళ్ళుగానో పత్రికలో కేకలేస్తున్నావు. ఇప్పుడు విప్పారు. వెళ్ళి చూడు. మూడో గదిలో నీకో ఆశ్చర్యం ఉంది. ఏమిటో చెప్పను.

నీ కోర్టు పనులు సవ్యంగా సాగాలని కోరుతూ,
పుండలీక్ బాబాయ్


మడ్‌గావ్,
6 నవంబర్

పుండలీక్ బాబాయ్‌కి,

నమస్కారం. ఈ ఉత్తరంలో మర్యాద ఇంతవరకే.

వెళ్ళాను. మీ ఆశ్చర్యం చూశాను. మన రాగిచెంబు గాజుపెట్టెలో ఉంది. కింద నల్లబట్ట, పైన దీపం, పక్కన చీటీ. ఆ చీటీ మీద ఉన్న మాటలు మీరు చదివారో లేదో నాకు తెలియదు కానీ నేను బట్టీ పట్టుకొచ్చాను. "మతం మారినవారి చేతుల్లో పడకుండా భక్తులు కాపాడిన పూజాపాత్ర."

బాబాయ్, ఆ చెంబుని ఇన్ని వందల ఏళ్ళూ మోసింది ఆ మతం మారినవారి చేతులే. మా అత్త చేతులు. అంతకుముందు వాళ్ళ అత్త చేతులు. మీ గుళ్ళో దీపం వెలిగిందంటే ఆ చేతులు నది దాటి రాబట్టి. ఇప్పుడవి దొంగచేతులయ్యాయి, మీరు కాపలావాళ్ళయ్యారు.

ఆ మ్యూజియంలో ఒక గోడ మీద హింసించినవారు, ఎదుటి గోడ మీద హింసపడినవారు. మధ్యలో మనుషులు నడవడానికి దారి. గైడు పిల్ల ముద్దుగా చెబుతోంది, క్రైస్తవులు హిందువుల్ని ఏమేం చేశారో. నేనడిగాను, ఆ సూదిటోపీ పెట్టుకుని, మెడలో తాడుతో, కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ బొమ్మ ఎవరమ్మా అని. హిందువండీ అంది. కాదు. మీవాళ్ళ గుళ్ళు కూల్చారు, తండ్రి పోయిన పిల్లల్ని ఎత్తుకెళ్ళి నీళ్ళు పోశారు, ఊళ్ళు ఖాళీ చేయించారు. ఏదీ కాదనను, నేనే రాశాను. కానీ ఆ మతవిచారణ న్యాయపీఠం ముందుకి ఈడ్చుకొచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉండిపోయినవాళ్ళు. నీళ్ళు పోయించుకుని కూడా తులసికి దణ్ణం పెట్టారని, పెళ్ళిలో పాత పాట పాడారని పక్కింటివాడు చెబితే దొరికిపోయినవాళ్ళు. ఆ టోపీ పెట్టింది మా ముత్తవ్వల నెత్తిన. ఇప్పుడదే ముత్తవ్వల్ని తీసుకెళ్ళి హింసించినవారి గోడకి ఆనించారు. వెళ్ళిపోయినవాడు వీరుడు, ఉండిపోయినవాడు ద్రోహి. ఇదేనా మీరు వాళ్ళకి చెప్పిన కథ?

ఇంకో మాట. మొన్నమొన్నటిదాకా మీ గుడి గడప ఎవరు దాటకూడదో, మా చర్చి ఊరేగింపులో ఎర్ర అంగీ ఏ కులానికో నీలం అంగీ ఏ కులానికో, ఆ గది ఏది ఆ మ్యూజియంలో? దేవుళ్ళు మారారు, గడపలు మారలేదు. అది చూపిస్తే ఇటువాళ్ళూ రారు అటువాళ్ళూ రారు, టికెట్లు తెగవు.

అత్తకి ఏమీ చెప్పలేదు. కాయలు ఏరి, పగలగొట్టి, కొబ్బరి ఎండబెడుతోంది. కోతుల మీదికి కర్ర పట్టుకుని కాపలా కాస్తోంది. డిసెంబర్ మొదట్లో మీ ఇంటినుంచి చెంబు వస్తుందని ఎదురుచూస్తోంది. ఎనభై మూడేళ్ళ మనిషికి, నీ చెంబు గాజుపెట్టెలో ఉంది, నువ్వు దొంగల లెక్కలో ఉన్నావు అని ఎట్లా చెప్పమంటారు?

లిబానియా రెబెలో


ఫోండా,
14 నవంబర్

చి. లిబానియాకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం మీ పిన్ని చదివి వినిపించింది, కన్నుకి ఆపరేషన్ అయింది కదా. నీ కోపపు మాటల దగ్గర గొంతు పెంచి మరీ చదివింది. ఆమెకి నువ్వంటే అభిమానం.

ఆ చీటీ నా మాట కాదు. అన్నదమ్ముల కథ మొత్తం చెప్పి చెంబు ఇచ్చాను, చెంబు పక్కన ఆ కథే రాస్తామన్నారు. నేను ప్రారంభోత్సవానికి వెళ్ళినప్పుడు ఇంకా చీటీ పెట్టలేదు. ఎవరో చదువుకున్నవాళ్ళు కూర్చుని కథని కత్తిరించారు. నా తప్పు, రాతలో తీసుకోలేదు. చెంబుని మార్చి దాకా ఇవ్వరట. మా సర్వేశ్‌ని వెళ్ళి మాట్లాడమన్నాను. సర్వేశ్ తెలుసు కదా, మా పెద్దన్న బాబల్ మనవడు, బండ్ల సామాన్ల దుకాణం. ఈ ఏడు గుడి కమిటీకి అతనే అధ్యక్షుడు.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. అక్కకి వయసైంది. బోరిం వంతెన మీద బండ్లు ఎట్లా నిలిచిపోతున్నాయో చూస్తున్నావు. జాత్రలో తోపులాట. ఈ ఏడాదికి ఆవిడ శ్రమపడి రాకపోయినా అమ్మవారు ఏమీ అనుకోదు. నూనె నేనే ఎవరినైనా పంపి తెప్పించుకుంటాను. నువ్వు నెమ్మదిగా చెప్పి చూడు.

పిన్ని కూరగాయలన్నీ వేసి ఖత్‌ఖతే చేసింది. పత్యమని నాకు రెండు గరిటెలే పెట్టింది. కన్నుకీ కడుపుకీ ఏం సంబంధమో ఆ డాక్టరుకే తెలియాలి.

ఆశీస్సులతో,
పుండలీక్ బాబాయ్


మడ్‌గావ్,
20 నవంబర్

బాబాయ్,

"శ్రమపడి రాకపోయినా." ఈ మాట నాకు బాగా తెలుసు. బస్సు డ్రైవర్ల కేసులు వాదించేదాన్ని. కంపెనీవాడు ఒక మనిషిని ఇంటికి పంపాలనుకున్నప్పుడు మొదట రాసే మాట ఇదే. మీ ఆరోగ్యం దృష్ట్యా కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. విశ్రాంతి అయ్యాక గేటు దగ్గర వేరే తాళం ఉంటుంది.

మీ ఉత్తరం బల్లమీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చదివేస్తోంది. మొత్తం చదివి మడతపెట్టి, "పుండూకి ఒంట్లో బాగాలేదే. లేకపోతే నన్ను రావద్దంటాడా" అంది. మిమ్మల్ని తప్పుపట్టాలన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. మీకోసం కొవ్వొత్తి వెలిగించింది. ఆ కొవ్వొత్తి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

సూటిగా చెప్పండి. ఈ ఏడు అన్నగారింటి నూనె గుమ్మం దగ్గర తీసుకుంటారా, తీసుకోరా? మనుషుల్ని పంపి దొడ్డిదారిన తెప్పించుకునే నూనె గురించి కాదు నేనడిగేది. పదిమంది ముందు, గుమ్మం దగ్గర, అత్త చేతినుంచి. తలుపు మూసేసి ఉంటే ఆ సంగతి నా ఆదివారం వ్యాసంలో గుడి పేరుతో, కమిటీ పేర్లతో సహా వస్తుంది. మీ పేరు కూడా.

లిబానియా


ఫోండా,
27 నవంబర్

లిబానియా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. వంకర అక్షరాలు క్షమించు. మీ పిన్ని చేత ఇది రాయించడానికి సిగ్గేసింది.

నువ్వు ఊహించింది నిజం. సర్వేశ్ ఆ మ్యూజియంకి స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళొచ్చాడు. తర్వాత మళ్ళీ వెళ్ళాడు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తాతయ్యా, మనల్ని ఇంత చేశారా" అన్నాడు. చెడ్డవాడు కాదు అమ్మాయ్. ఎవరూ చెప్పని సంగతి ఒక్కసారిగా తెలిస్తే కుర్రవాడికి రక్తం ఉడుకుతుంది. అక్కడ చూపించిన గోడలే అతని తలలోనూ లేచాయి. కమిటీలో తీర్మానం పెట్టాడు. ఇకమీదట గుమ్మం దగ్గర హిందువులు కానివారి కానుకలు తీసుకోకూడదని. అన్నగారిల్లు అని నేను నోరు తెరిస్తే, "ఆ కథలన్నీ పాతవి తాతయ్యా, వాళ్ళు ఎప్పుడో అటు వెళ్ళిపోయారు" అన్నాడు. డిసెంబర్ 10న ఓట్లు. లెక్క చూస్తే మేం ఓడిపోతాం.

అందుకే అక్కని రావద్దన్నాను. జనం చూస్తుండగా ఆవిడ నూనెతో గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ చేతులు చాచకపోతే? అది నేను చూడలేను. చెప్పలేక వంతెన మీదికీ బండ్ల మీదికీ నెట్టాను.

నిన్ను ఒకటి బతిమాలుకుంటున్నాను. వ్యాసం పంపకు. అది అచ్చయితే అవతలివాళ్ళకి పండగ. చూశారా, మన గుడి సంగతి వాళ్ళు తేలుస్తారట అంటారు. ఊగిసలాడే రెండు మూడు ఓట్లు కూడా పోతాయి. నీ కోపం సబబే, కానీ దానివల్ల నూనె నది దాటదు.

దానికి బదులు అక్కని నాకు ఒక్కరోజు అరువియ్యి. సర్వేశ్‌ని, ఆవిడని కలిపి ఆ మ్యూజియంకి తీసుకెళతాను. ఏం జరుగుతుందో నాకూ తెలియదు. వాడు ఆవిడని ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. జాత్రలో జనం మధ్య చెంబుతో వచ్చే ముసలమ్మ, అంతే.

పుండలీక్


మడ్‌గావ్,
1 డిసెంబర్

బాబాయ్,

ఇన్నాళ్ళూ మిమ్మల్ని అన్నవాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఉంచుతున్నాను, ముందే చెప్పనందుకు.

మా అత్తని సాక్షిగా బోను ఎక్కించడానికి నేను ఒప్పుకోను. ఎవరో కుర్రవాడి మనసు కరగడానికి ఆవిడ అక్కడ కన్నీళ్ళు పెట్టుకోవాలా? మేం మనుషులమేనని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరి ముందు రుజువు చేసుకోవాలా? ఇది రాసి ఉత్తరం ముగిద్దామనుకున్నాను. వెనకనుంచి అత్త అంది, "నేను వస్తానని పుండూకి రాయి. చెంబు చూసొస్తాను. అక్కడ బాత్రూం ఉందో లేదో కనుక్కో." ఓట్ల సంగతంతా చెప్పేశాను. ఆవిడ ఎండబెట్టిన కొబ్బరి తిరగేస్తూ, "నూనె అయితే ఆడించేస్తాను. తీసుకోకపోతే తలకి రాసుకుందాం" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

వచ్చే వారమంతా నాకు పణజీలో కేసు ఉంది. రాలేను. అక్కడ ఎవరైనా ఆవిడని ఒక్క మాటన్నా, మీరు చెవిటివారని చెబితే ఊరుకోను.

వ్యాసం రాసేశాను. పంపలేదు. సంచిలో ఉంది.

లిబానియా


ఫోండా,
11 డిసెంబర్

చి. లిబానియాకు,

అనేక ఆశీస్సులు. అక్క నీకు ఏం చెప్పిందో తెలియదు, నా వైపునుంచి రాస్తున్నాను. ముందు గుండె కుదుటపరుచుకో. తలుపు మూయలేదు.

అక్కని ముందుసీట్లో కూర్చోబెట్టాం. సర్వేశ్ బండి నడుపుతున్నాడు, మొహం గంటు పెట్టుకుని. అక్క ఎక్కీ ఎక్కగానే, "ఎవరి మనవడివిరా?" అంది.

"బాబల్ గావ్‌కర్ మనవణ్ణండీ."

"బాబల్‌గాడి మనవడివా. చిన్నప్పుడు మా పెరట్లో జీడిపండ్లు దొంగతనం చేసి చెట్టుమీదినుంచి పడ్డాడు మీ తాత. ఆ గడ్డమేమిటి, మీ దుకాణంలో బ్లేడ్లు అమ్మరా?"

వాడు గడ్డం తడుముకుంటూ పాత గోవా దాకా బండి నడిపాడు.

లోపల మొదటి గదిలో కూలిన గుడి బొమ్మ దగ్గర అక్క సిలువ వేసుకుంది. రెండో గదిలో ఆ కాలపు నిషేధాల పలక ఉంది. కళ్ళద్దాలు బండిలో మరిచిపోయింది, సర్వేశ్‌ని చదవమంది. వాడు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు, నాకూ వినపడాలని. "క్రైస్తవులైన స్థానికులు ఇకమీదట చేయరాని పనులు." చదివి ఆగాడు. ఇదివరకు వచ్చినప్పుడు ఆ పై వాక్యం వాడి కంటికి ఆనలేదనుకుంటాను.

"చదువు, ఆగావేం?" అంది అక్క.

"ఇంట్లో తులసి పెంచరాదు."

"మా పెరట్లో ఉంది. దగ్గుకి మంచిది."

"పెళ్ళిళ్ళలో పాత పాటలు పాడరాదు."

"మరి పెళ్ళికూతురికి కొబ్బరిపాలు పోసేటప్పుడు ఏం పాడాలట? ముక్కు మూసుకుని కూర్చోవాలా?"

"హిందువుల్లాగా ఉప్పు లేకుండా అన్నం వండరాదు."

"బీపీ ఉందని ఇప్పుడు డాక్టరు అట్లాగే వండుకోమన్నాడు. ఆయన్ని కూడా పట్టుకుపోతారేమో చూడు."

సర్వేశ్‌కి నవ్వొచ్చింది. వచ్చాక దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ గదిలోనే చివర న్యాయాధికారి కుర్చీ ఉంది. ఎర్ర మఖ్మల్, చుట్టూ తాడు. దాని ముందు సూదిటోపీ బొమ్మ. అక్కకి మోకాళ్ళు పట్టేశాయి. నేను అటు తిరిగి ఇటు తిరిగేలోగా తాడు కొక్కెం తీసేసి ఆ కుర్చీలో కూర్చుంది. కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా, లేవండి. అందులో ఎవరూ కూర్చోకూడదు."

అక్క చీర సర్దుకుంది. "నాయనా, ఈ కుర్చీ ముందు మమ్మల్ని రెండొందల యాభై ఏళ్ళు నిలబెట్టారు. కాసేపు కూర్చోనీ."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. బస్సులో చోటు అడిగినట్టు అడిగింది. నేను సర్వేశ్ మొహం చూశాను. వాడు బొమ్మని చూశాడు. అక్కని చూశాడు. మళ్ళీ బొమ్మని చూశాడు. కాపలాదారుతో, "మంచినీళ్ళు తీసుకురండి" అన్నాడు. ఆవిడ తాగేదాకా కుర్చీ మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డాడు.

మూడో గదిలో చెంబు చూసి అక్క అన్నదొకటే. "ఇంత తళతళా ఎవరు తోమారే తల్లీ, పాపం గీతలు పడ్డాయి." చీటీ చదవమని ఆవిడ అడగలేదు. వాడు చదివాడు, మనసులో. తర్వాత ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మేం ఆ గది వదిలేలోగా ఆ చీటీ తీసేశారు. చెంబు మాత్రం ఒప్పందం ప్రకారం మార్చి దాకా రాదు. ఈసారి మీకు ఎందులో వీలైతే అందులో తీసుకురండి.

నిన్న కమిటీలో సర్వేశే లేచి, తన తీర్మానం పక్కన పెడుతున్నానన్నాడు. "ఆ పెద్దావిడ ఉన్నంతకాలం నడవనిద్దాం" అన్నాడు. ఇద్దరు గొణిగారు. ఎవరూ ఓటు అడగలేదు. ఇంటికొచ్చి నెలరోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను. మీ పిన్ని గరిటెలు లెక్కపెట్టలేదు.

ప్రేమతో,
పుండలీక్ బాబాయ్


మడ్‌గావ్,
16 డిసెంబర్

బాబాయ్,

ఉత్తరం మెట్లమీదే నిలబడి రెండుసార్లు చదివాను. గుండెలమీది బరువు దిగింది, నిజం. అత్త మాత్రం ఇంటికొచ్చి చెప్పింది ఇంతే, "కుర్చీ మెత్తగా ఉంది. బాత్రూం శుభ్రంగా ఉంది." కుర్చీ మాట నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. ఆ పలక దగ్గర నేను పేజీలకి పేజీలు వాదించి ఉండేదాన్ని, ఆ అబ్బాయి చెవులు మూసుకుని ఉండేవాడు. చీటీ తీసేసిన సంగతి కూడా బాగుంది. అబద్ధం ఉన్నచోట ఖాళీ మేలు.

కానీ బాబాయ్, "ఉన్నంతకాలం" అనే మాట నాకు మింగుడుపడలేదు. అంటే మా అత్త ఊపిరితో ముడిపెట్టారు. ఆవిడ పోయిన రోజున ఖననమైనా కాకముందే తీర్మానం మళ్ళీ లేస్తుంది. జాలితో తెరిచిన తలుపు అది. జాలి పాతబడిపోతుంది. హక్కు కావాలంటే ఆవిడ తర్వాతి మనిషిని ఆవిడ ఉండగానే ఆ గుమ్మం దగ్గర నిలబెట్టాలి. ఇంట్లో ఆడపడుచు ఇంకెవరూ లేరు. నేనే.

నేను దేవుణ్ణి నమ్మను. మీ దేవుణ్ణీ మా దేవుణ్ణీ సమానంగా నమ్మను, పక్షపాతం లేదు. గుడిమెట్ల దగ్గర ఎవర్ని ఎక్కడిదాకా రానిస్తారో చూస్తే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది. అయినా మోస్తాను. ఒక అన్న, ఒక తమ్ముడు రాజుకీ మతానికీ లొంగకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. దాన్ని తెంపే అధికారం ఏ కమిటీకీ లేదు. నమ్మకం లేని చేతినుంచి మీవాళ్ళు నూనె తీసుకుంటారా? ముందే చెప్పండి.

చెంబు బదులు జాడీలో తెస్తున్నాం. పెద్ద జాడీ రొయ్యల పచ్చడిది, దాన్ని ముట్టుకోలేదు. ఇది మామిడికాయ పచ్చడిది. అత్త బూడిదతో తోమి, మరిగించి, ఎండలో పెట్టింది. ఇప్పుడు ఆవ వాసన కూడా లేదు.

లిబానియా


ఫోండా,
22 డిసెంబర్

లిబానియా,

చలిజ్వరం పట్టుకుంది. కీళ్ళన్నీ పట్టేశాయి, మంచం దిగలేను. జాత్రకి నేను ఉండను. ఈ నాలుగు ముక్కలూ పిన్ని రాస్తోంది.

ఏం నమ్ముతావని ఆ గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. నమ్మకం గురించి అడిగి ఉంటే ఈ నూనె మొదటి ఏడాదే ఆగిపోయేది. ఇంటి ఆడపడుచువా కాదా, అంతే.

నా బదులు సర్వేశ్ గుమ్మంలో నిలబడతాడు. అక్కే మోసుకొస్తుందని అతను అనుకుంటున్నాడు. నువ్వని నేను చెప్పలేదు. చెప్పి ఒప్పించడం మొదలుపెడితే మళ్ళీ ఓట్ల దాకా వెళుతుంది. చూసి తేల్చుకోనీ. నాకు భయంగానే ఉంది. వచ్చి చెప్పేదాకా ఆగలేను, వెంటనే రాయి.

పుండలీక్

(పిన్ని మాట: నీ ఎర్రచీర కట్టుకో. ఆ కోర్టు నల్లకోటు వేసుకుని రాకు.)


మడ్‌గావ్,
30 డిసెంబర్

బాబాయ్‌కి, పిన్నికి,

జ్వరం తగ్గిందని తెలిసింది. అత్త మీకు బెల్లం, కొబ్బరిపాలతో చేసిన దోదోల్ పంపింది. పత్యం అంటే పిన్నికిచ్చేయండి.

ఎర్రచీరే కట్టుకున్నాను. ఆటో బస్టాండు దగ్గరే ఆపేశారు. అక్కడినుంచి జాడీ నా రెండు చేతుల్లో, అత్త నా మోచెయ్యి పట్టుకుని. నూనెజిడ్డుకి జాడీ జారిపోతోంది. ఖాజె మిఠాయి అంగళ్ళ మధ్య జనం, బూరలు, పిల్లలు. చిన్నప్పుడు అత్తతో వచ్చినప్పుడు నా ధ్యాసంతా ఆ ఖాజె మీదే ఉండేది, గుమ్మం దగ్గర ఏం జరిగేదో ఎన్నడూ చూడలేదు. ఆ నిర్లక్ష్యానికి ఫలితం వస్తోంది, చదవండి.

దీపస్తంభం దాటగానే డోళ్ళు ఆగిపోయాయి. సర్వేశ్ తెల్లపంచెలో గుమ్మం దగ్గర ఉన్నాడు. గడ్డం తీసేశాడు. అత్త చేతులు ఖాళీగా ఉండటం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా పేరు, నా రాతలు అతనికి తెలుసు. వెనక నిలబడ్డ ఇద్దరు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. సంచిలో ఆ వ్యాసం అట్లాగే ఉంది. కాదంటే అక్కడే, ఆ మెట్లమీదే చదివేద్దామని తెచ్చాను. జాడీ ఇంకా గట్టిగా పట్టుకున్నాను బాబాయ్. హైకోర్టులో ఏ ఫైలునీ అట్లా పట్టుకోలేదు.

"ఎవరు?" అన్నాడు.

"అన్నగారింటివాళ్ళం." ఇది అత్త దారిలో నేర్పింది.

అతను వెనకవాళ్ళ వైపు ఒకసారి చూసి, ఒక అడుగు ముందుకు వేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇంత ఆలస్యమైందేం?" అన్నాడు.

నాకు భగ్గున మండింది. వంక పెట్టి తిప్పి పంపుతున్నాడనుకున్నాను. "ఆలస్యమేమిటి? ఇంకా దీపాల వేళ కాలేదు. ఆలస్యమంటూ అయితే అది బస్టాండు దగ్గర దారి మూసిన మీ కమిటీవాళ్ళ వల్ల. మమ్మల్ని అడిగే ముందు వాళ్ళని అడుగు" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గుడి చుట్టూ పాకింది. అత్త నా జబ్బ పట్టుకుని గిల్లింది. "నోర్ముయ్యవే. అది అడగాల్సిన మాట. ప్రతి ఏడూ అడుగుతారు. నది అడ్డొచ్చిందని చెప్పు."

ఇన్నేళ్ళలో ఈ మాటలు మీరూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరూ నాకు తెలిసే ఉంటుందనుకున్నారు.

సర్వేశ్ పెదవులు బిగించి నిలబడ్డాడు, నవ్వాపుకోలేక. నేను పాఠం తప్పిన పిల్లలా తలెత్తి, "నది అడ్డొచ్చింది" అన్నాను.

"దాటి వచ్చారుగా. ఇలా ఇవ్వండి."

రెండు చేతులూ చాచాడు. జనం చూస్తున్నారు. ఆ వెనకవాళ్ళిద్దరూ చూస్తున్నారు. ఇవ్వాలి, ఇంకేం మిగిలింది? కానీ నా చేతులు రాలేదు. బస్టాండునుంచి బిగించి పట్టుకున్న వేళ్ళు అట్లాగే గట్టిపడిపోయాయి. లాగితే నూనె ఒలికిపోతుంది. రెండు నెలల కోపం ఆ వేళ్ళలోకి దిగి కూర్చుంది కాబోలు, విప్పుకోమంటే విప్పుకోవడం లేదు. అతనికి అర్థమైంది. ఒక చేత్తో జాడీ అడుగు పట్టుకుని, రెండో చేత్తో నా వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా విడదీశాడు. నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"అక్కా, వదులు. నేను పట్టుకున్నాను."

వదిలేశాను.

మీ అన్నగారి కూతురు,
లిబానియా